కామిల్లేరి నవలలు – సిసిలీ నుడికారం

ఆధునిక ఇటాలియన్ నవలాకారులలో ఆంద్రేయా కామిల్లేరి సుప్రసిద్ధుడు. ఆయన 1925లో సిసిలీ ద్వీపపు దక్షిణ తీరంలోని పోర్తో ఎంపెదోక్లే అనే రేవు పట్టణంలో జన్మించాడు. రోములో నాటక దర్శకుడిగా, అధ్యాపకుడిగా పేరు పొందాడు.

ప్రామాణిక ఇటాలియన్‌లో సిసిలీ మాండలికాన్ని మేళవించి రాయడం ఆయన ప్రత్యేకత. ఆయన తొలి నవలను ప్రచురణకర్తలు దాదాపు పదేళ్లపాటు స్వీకరించలేదు. చివరకు అది 1978లో వెలువడింది. 1980 నాటి రెండవ నవలకు, ప్రచురణకర్తల కోరికపై, మాండలిక పదాల అర్థసూచిక చేర్చవలసి వచ్చింది. ఆ నవలలోనే 'విగాతా' అనే కల్పిత పట్టణం మొదటిసారి కనిపిస్తుంది. స్వస్థలమే దానికి మూలం.

ప్రామాణిక భాష విషయాన్ని తెలియజేస్తుందనీ, మాండలికం దాని అనుభూతిని పలికిస్తుందనీ అదే ప్రాంతానికి చెందిన నోబెల్ బహుమతి గ్రహీత పిరందెల్లో భావించాడు. కామిల్లేరి ఆ అభిప్రాయాన్ని ఆచరణలో నిరూపించాడు. 1994లో 'నీటి ఆకృతి' అనే నవలతో మొదలైన పోలీసు అధికారి మోంతల్బానో కథలను, సిసిలీ మాట తెలియనివారు సైతం సందర్భాన్ని బట్టి అర్థం గ్రహిస్తూ ఆదరించారు. అవి అనేక భాషలలోకి అనువాదమయ్యాయి. 2003లో పోర్తో ఎంపెదోక్లే కొంతకాలం తన పేరుకు విగాతాను జోడించుకుంది.

2019లో కామిల్లేరి మరణించాడు. ఒకనాడు అర్థసూచిక అవసరమనిపించిన ఇంటిభాషే ఆయనకు దేశమంతటా పాఠకులను సంపాదించిపెట్టింది.