పోటీ రోబోకు గొలుసు బిగింపు: బలమంతా కలిపే చోటే

రాయ్‌పూర్: ఛత్తీస్‌గఢ్‌కు ధాన్యపు గిన్నె అని పేరు. రాయ్‌పూర్ పరిసరాల్లో వరి పండే కాలంలో పొలాల్లోకి దిగే కోత యంత్రాన్ని దగ్గరగా గమనిస్తే, కోసిన పైరును లోపలికి లాగే భాగంలో సమాంతరంగా తిరిగే గొలుసులు, వాటికి అడ్డంగా బిగించిన ఇనుప పట్టీలు కనిపిస్తాయి. ఆ పట్టీలను గొలుసుకు కలిపే తీరులో ఉన్న సూత్రమే పోటీ రోబోలను తయారుచేసే ఇంజినీరింగ్ విద్యార్థులకూ అవసరం. కదిలే భాగానికి గొలుసును సరిగా కలపకపోతే నెలల శ్రమ కొద్ది నిమిషాల పోటీలో వృథా అవుతుంది. బరువైన రోబో చేయి ఒక్కసారిగా కిందికి జారితే పక్కనున్న వారికి గాయాలూ కావచ్చు.

ఆసియా-పసిఫిక్ ప్రసార సంస్థల సమాఖ్య 2002లో టోక్యోలో ప్రారంభించిన రోబోకాన్ విద్యార్థుల రోబో పోటీల్లో ప్రసిద్ధమైనది. 2008, 2014 సంవత్సరాల్లో ఈ అంతర్జాతీయ పోటీకి పుణె వేదికైంది. 2024లో వియత్నాం ఇచ్చిన ఇతివృత్తం పంటకోతే. వరినారు నాటడం, పంటను సేకరించి గాదెల్లో చేర్చడం వంటి పనులను రోబోలు చేయవలసి వచ్చింది. 1956లో గనులు, లోహశాస్త్ర కళాశాలగా శంకుస్థాపన జరుపుకొని 2005లో ఎన్ఐటీగా మారిన రాయ్‌పూర్ విద్యాసంస్థ మొదలుకొని దేశంలోని ఏ ఇంజినీరింగ్ కళాశాల వర్క్‌షాపులోనైనా, వస్తువును పట్టి పైకెత్తే యంత్రాన్ని రూపొందించాలంటే గొలుసు ప్రస్తావన రాక తప్పదు.

లాగగలదు, నెట్టలేదు

సైకిళ్లలో, మోటారు సైకిళ్లలో కనిపించే రోలర్ గొలుసుకు హాన్స్ రెనాల్డ్ 1880లో ఇంగ్లండ్‌లో పేటెంట్ పొందారు. ఇందులో లోపలి పలకలకు బుష్‌లు, బయటి పలకలకు పిన్నులు గట్టిగా బిగించి ఉంటాయి. బుష్‌లపై తిరిగే రోలర్లు స్ప్రాకెట్ పళ్ల మధ్య కూర్చుంటాయి. లాగే బలం పలక నుంచి పిన్నుకు, పిన్ను నుంచి బుష్‌కు, అక్కడి నుంచి తదుపరి పలకకు చేరుతుంది. అందువల్ల గొలుసు తన పొడవు వెంబడి ఎంతో బలాన్ని తట్టుకోగలదు. పక్కకు వంచినా, మెలితిప్పినా త్వరగా దెబ్బతింటుంది. కలిపే పద్ధతులన్నింటికీ ఈ లక్షణమే ఆధారం.

పడే బలం ఎంత?

పోటీ రోబోల్లో 25, 35 నంబరు గొలుసులు విరివిగా వాడుకలో ఉన్నాయి. మొదటిదానిలో పిన్నుల మధ్య దూరం 6.35 మిల్లీమీటర్లు, రెండవదానిలో 9.525 మిల్లీమీటర్లు. ప్రమాణాల ప్రకారం మొదటిది కనీసం 350 కిలోల, రెండవది దాదాపు 800 కిలోల బలం వరకు తెగకుండా ఉండాలి.

ఈ అంకెలు చూసి నిశ్చింతగా ఉండరాదు. 10 కిలోల బరువు ఇరుసుకు అర మీటరు దూరంలో ఉన్న చేతిని తీసుకుందాం. దాన్ని 35 నంబరు గొలుసుతో, 16 పళ్ల స్ప్రాకెట్ ద్వారా ఎత్తితే గొలుసుపై పడే బలం సుమారు 205 కిలోలు. అదే చేతికి 48 పళ్ల స్ప్రాకెట్ బిగిస్తే అది సుమారు 69 కిలోలకు తగ్గుతుంది. ఇది చేయి నిశ్చలంగా ఉన్నప్పటి లెక్క. కదులుతూ హఠాత్తుగా ఆగినప్పుడు బలం అనేక రెట్లు పెరగవచ్చు. కనుక చేతి వైపు పెద్ద స్ప్రాకెట్‌ను వాడి, దాన్ని ఇరుసుకు కాక నేరుగా చేతికే బోల్టులతో బిగించడం మేలు. ఇరుసుపై చిన్న స్క్రూతో నిలిపిన స్ప్రాకెట్ భారం పడగానే జారిపోతుంది.

కలిపే పద్ధతులు

నిట్టనిలువుగా కదిలే లిఫ్టుకు గొలుసు వలయంలా ఉండనక్కరలేదు. పైన, కింద ఉన్న స్ప్రాకెట్ల చుట్టూ తిప్పి రెండు కొసలను కదిలే భాగానికే కట్టవచ్చు. కొసను కలపడానికి బోల్టు రంధ్రంతో ఒక లోహపు పలకను తయారుచేసి, మరో రంధ్రం ద్వారా చైన్ లాక్‌తో గొలుసుకు జోడిస్తారు. పలక మందం లోపలి లింకు వెడల్పుతో సరిపోవాలి. తక్కువైతే ఇరువైపులా వాషర్లు వేసి, పలకను మధ్యలో నిలపాలి. గొలుసు మధ్యలో ఏదైనా తగిలించాలంటే పక్కకు చెవుల్లాంటి రంధ్రపు పలకలున్న ప్రత్యేక లింకులు దొరుకుతాయి. కోత యంత్రంలోని పట్టీలను నిలిపేవి ఇటువంటివే.

మామూలు లింకు పలకకు రంధ్రం చేయడం, వెల్డింగ్ చేయడం తగదు. రంధ్రం పలకను పలచన చేస్తుంది. వేడి, గట్టిపరచిన ఉక్కు గుణాన్ని మారుస్తుంది. పిన్నుకు బదులు బోల్టు వాడవలసి వస్తే, పలకల మధ్య మరలు లేని నున్నని భాగం ఉండేలా ఎంచుకోవాలి.

ఒకే గీతపై

కలిపే బిందువు స్ప్రాకెట్‌కు సరిగ్గా ఒకే తలంలో ఉండాలి. అది 5 మిల్లీమీటర్లు పక్కకు జరిగిందనుకుందాం. స్ప్రాకెట్‌కు 500 మిల్లీమీటర్ల దూరంలో గొలుసు వంపు అర డిగ్రీకి కాస్త పైన ఉంటుంది. దూరం 50 మిల్లీమీటర్లకు తగ్గేసరికి అదే వంపు దాదాపు 6 డిగ్రీలవుతుంది. ప్రయాణం మధ్యలో సవ్యంగా కనిపించిన యంత్రం చివరకు చేరేసరికి గొలుసును జారవిడవడానికి ఇదొక కారణం. అందువల్ల పరీక్షను రెండు కొసల వద్దా జరపాలి. కలిపే పలక స్ప్రాకెట్‌ను తాకకముందే యంత్రాన్ని ఆపే అడ్డు ఉండటమూ తప్పనిసరి.

బిగువు, భద్రత

గొలుసు సాగిందని అంటారు గానీ, నిజానికి పిన్నులు, బుష్‌లు అరిగి పొడవు పెరుగుతుంది. కనుక కలిపే చోటే బిగువు సవరించే మర ఉంచి, సవరించాక లాక్ నట్ బిగించాలి. ముందుకూ వెనక్కూ తిరిగే వలయానికి రెండు స్ప్రాకెట్ల మధ్య దూరంలో సుమారు 2 శాతం సడలింపు సరిపోతుంది. అంటే 500 మిల్లీమీటర్లకు 10 మిల్లీమీటర్లు. మితిమీరి బిగిస్తే మోటారుపై, బేరింగులపై అనవసర భారం పడుతుంది.

గొలుసు విప్పే ముందు చేతికి కింద దుంగ పెట్టి ఆనించడం మరువరాదు. విప్పిన క్షణమే చేతిని ఆపేది ఏదీ ఉండదు. ప్రతి పోటీకి ముందు చైన్ లాక్ క్లిప్పు, లాక్ నట్టు, కలిపే పలక మూడింటినీ తడిమి చూడాలి. ఆ పరిశీలనకు ఒక్క నిమిషం చాలు.