మీకు తెలుసా? పాలు పడని పసివాళ్ల సంగతి

• పాలు తాగితే కడుపు ఉబ్బరించే వాళ్లందరికీ పాల అలర్జీ ఉన్నట్టు కాదు. ఆ ఉబ్బరం చాలావరకు లాక్టోజ్ అనే పాలచక్కెర అరగక వచ్చేది. అలర్జీ ఉన్న పిల్లల ఒంటికి పడనివి పాలలోని ప్రొటీన్లు: కేసీన్, వే. అందుకే ‘లాక్టోజ్ ఫ్రీ’ పాలు వీళ్లకు పనికిరావు. ఎ2 పాలూ అంతే.

• ఆవుపాలు పడకపోతే మేకపాలు పట్టమనే సలహా ప్రతి వీధిలోనూ దొరుకుతుంది. కానీ ఆవుపాల అలర్జీ ఉన్న పిల్లల్లో నూటికి తొంభైమందికి పైగా మేకపాలూ పడవు. గేదెపాల ప్రొటీన్లూ ఆవుపాలకు దగ్గరి చుట్టాలే. గాడిదపాల తీరు కాస్త వేరు. ఇటలీలో ఇలాంటి పిల్లలకు వైద్యుల కనుసన్నల్లో ఇచ్చి చూస్తే చాలామందికి పడ్డాయి. అలాగని మన వీధుల్లో గాడిదను నిలబెట్టి ఉగ్గుగిన్నెలోకి పిండి ఇచ్చే పచ్చిపాలు పట్టేయకండి. కాచని పాలతో వేరే జబ్బులొస్తాయి.

• “నెయ్యి పాలెట్లా అవుతుందే?” అని అమ్మమ్మ అడుగుతుంది. ముద్దపప్పులో నెయ్యి చుక్క లేకుండా బిడ్డకు అన్నం పెట్టడం ఆవిడకు ప్రాణసంకటం. వెన్న కాచాక గిన్నె అడుగున గోధుమరంగు గసి మిగులుతుంది చూశారా, పిల్లలు పంచదార కలుపుకుని పోటీపడి తినేది? అదంతా పాల పదార్థమే. ఎంత వడకట్టినా నేతిలోకి ఆ ప్రొటీన్ కొద్దిగా దిగుతుంది. అలర్జీ తీవ్రంగా ఉన్న బిడ్డకు ఆ కొద్దీ చాలు.

• పాలు తోడుకుని పెరుగైనా అలర్జీ గుణం పోదు. మజ్జిగ కూడా పాలే.

• ప్యాకెట్ మీద పచ్చచుక్క ఉంటే పాలు లేవని కాదు, శాకాహారమని మాత్రమే. బ్రెడ్డు, బిస్కెట్ల పదార్థాల జాబితాలో మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసినేట్ అనే పేర్లు వెతకండి. పాలు ఉన్న సంగతి ప్యాకెట్ మీద చెప్పి తీరాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనలు చెబుతున్నాయి. మిఠాయి కొట్టు అట్టపెట్టె మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, అడిగి తెలుసుకోవాల్సిందే.

• తెలంగాణ అంగన్‌వాడీల్లో పసివాళ్లకిచ్చే బాలామృతంలో గోధుమలు, శనగపప్పుతోపాటు పాలపొడి కూడా ఉంటుంది. బిడ్డకు పాలు పడవని టీచరుకు ముందే చెప్పాలి. గుళ్లో అభిషేకం తీర్థం, పంచామృతం సంగతీ మరవొద్దు.

• తల్లి తిన్న పాల పదార్థాల ప్రొటీన్ చనుబాలలోకి కొద్దిగా వెళ్తుంది. అలాగని తల్లిపాలు మాన్పించక్కర్లేదు. అవసరమైతే డాక్టరు తల్లి తిండిలోంచి పాలు, పెరుగు తీయిస్తారు.

• వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అదే తూకం ఆవుపాలలో ఉన్నదానికి దాదాపు మూడింతలు. అయితే అదంతా ఒంటికి పట్టదు. ఏడాదిలోపు బిడ్డకు రాగిజావ పాలకు బదులు కానేకాదు.

• ఎక్కువమంది పిల్లలకు పెరిగేకొద్దీ ఈ అలర్జీ తగ్గిపోతుంది. తగ్గిందో లేదో ఇంట్లో చెంచాడు పాలు పోసి పరీక్షించకండి, అది ఆసుపత్రిలో చేసే పని.

• పెదవులు వాచి, గొంతు బొంగురుపోయి, ఊపిరిలో పిల్లికూతలు వస్తే అలర్జీ సిరప్‌తో కాలయాపన చేయకూడదు. ప్రాణం నిలిపే మందు తొడకు వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్. వెంటనే 108కు ఫోన్ చేయండి.

• ఇక ఇరుగుపొరుగుకు ఒక మాట. పక్కింటి పాప చేతిలో కోవాబిళ్ల పెట్టేముందు వాళ్లమ్మను అడగండి. ఆవిడ వద్దంటే నొచ్చుకోకండి.