నలుగురితో నారాయణ

కళ్ళెదుట ఉన్న గీత పొడవు నలుగురి మాటతో మారుతుందా? బాల్యంలోనే వార్సా నుండి అమెరికాకు వలసవచ్చిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు సాలమన్ యాష్ దీనిని పరీక్షించి 1951లో ఫలితాలు ప్రకటించారు. మూడు గీతలలో నమూనాతో సమానమైనదేదో చెప్పాలి. ఒంటరిగా అడిగితే నూటికి ఒక్క తప్పయినా రాదు. అయితే ఆ గదిలో ఒక్క విద్యార్థి మినహా తక్కినవారందరూ ముందే కూడబలుక్కొన్నవారు! వారి తప్పుడు జవాబులు విన్న పిదప, అలా ఒంటరియైన విద్యార్థులు సగటున మూడింట ఒకసారికి పైగా వారినే అనుసరించారు. కొందరు తమ చూపునే శంకించారు. మరికొందరు నిజం తెలిసీ వేరుపడడానికి జంకారు. నలుగురిలో ఒకరు మాత్రం ఒక్కసారీ లొంగలేదు.

అంతకన్న విశేషమొకటున్నది. గుంపులో ఒక్కరు నిజం పలికితే చాలు, తప్పులు నాలుగోవంతుకు తగ్గాయి. ఆ తోడు నడుమ గుంపులో కలిసిపోతే మళ్ళీ పెరిగాయి. పనిమీద గది విడిచి వెళ్ళినప్పుడు మాత్రం, అతడిచ్చిన ధైర్యం కొంత నిలిచే ఉన్నది.