కేఏ బోర్డు బండి మనకు నిజంగా ఎంత పడుతుంది?

మడకశిరకు మూడు వైపులా కర్ణాటకే. పావగడ, శిర, మధుగిరి మనకు పక్క ఊళ్లు. పిల్లలు ఉద్యోగాలు చేసేది బెంగళూరులో. అందుకే ఇంట్లో సెకండ్ హ్యాండ్ కారు మాట రాగానే చూపు అటే పోతుంది. "అక్కడైతే తక్కువకు వస్తుందన్నా" అని ఎవరో ఒకరు అననే అంటారు. ఆ తక్కువ ఎంతో ఒకసారి కాగితం మీద వేసి చూద్దాం.

ముందు ఏ బండి కొనాలో చూద్దాం. వెనక పొడుగ్గా సామాను చోటుండే ఎస్టేట్ కార్లు మన దేశంలో నిలబడలేదు. 1992లో వచ్చిన టాటా ఎస్టేట్‌ను ఇప్పుడు గుర్తుపట్టేవాళ్లే తక్కువ. ఇంటిల్లిపాదినీ తిరుపతికో పుట్టపర్తి ఆసుపత్రికో తీసుకెళ్లే పని ఇప్పుడు ఎర్టిగా లాంటి మూడు వరుసల బండ్లది. మన పెనుకొండ పక్కన ఎర్రమంచిలో తయారయ్యే కియా క్యారెన్స్ 2022లో వచ్చింది, అదీ ఈ కోవదే. ఒకటి గుర్తుంచుకోండి: 2018 నవంబరులో వచ్చిన రెండో తరం ఎర్టిగాలో ఏడుగురూ కూర్చుంటే వెనక మిగిలే చోటు 209 లీటర్లే. మూడో వరుస మడిస్తే 550 లీటర్లు. పెళ్లికి ఏడుగురూ, పెట్టెలూ ఒకేసారి వెళ్లాలంటే పైన క్యారియర్ కట్టాల్సిందే.

ఇక ధర. 2019 మోడల్ ఎర్టిగా బెంగళూరులో 7,00,000, అలాంటిదే ఏపీ నంబరుతో 7,60,000 చెబుతున్నారనుకుందాం. పైకి 60,000 మిగులు. బండి చూడటానికి ఒకసారి, కాగితాలకు ఒకసారి బెంగళూరు వెళ్లాలి. రానూపోనూ 280 కిలోమీటర్ల చొప్పున 560. లీటరుకు 16 కిలోమీటర్లు, పెట్రోలు 110 రూపాయలు వేసుకుంటే 3,850. మిగిలింది 56,150. ఇందులోంచే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ ఖర్చు, కొత్త నంబరు ఫీజు, అన్నిటికంటే పెద్దదైన మన రాష్ట్ర లైఫ్ ట్యాక్స్ పోవాలి. బండి ధర, వయసు చెప్పి ఆ ట్యాక్స్ ఎంతో ముందే ఆర్టీఏ ఆఫీసులో అడగండి. అది 56,000 దాటితే "తక్కువకు వచ్చిన" బండి ఎక్కువకు వచ్చినట్టే. కర్ణాటకలో కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన భాగం వాపసు అడగొచ్చు. కానీ దానికి సమయం పడుతుంది, ఆ డబ్బు ఎవరికి చెందాలో అమ్మేవాళ్లతో ముందే తేల్చుకోవాలి. అందుకే నేనైతే దాన్ని లెక్కలో కలపను.

"కేఏ నంబరుతోనే తిప్పుకుంటే ఏమవుతుంది?" అంటారు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రం బండి మన దగ్గర 12 నెలలు దాటి ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే. పేరు మార్పు గడువు ఇంకా చిన్నది: కొన్నవాళ్లు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. పేరు మారకపోతే ఏం జరుగుతుందో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒక కారు చేతులు మారి మారి వేరే మనిషి దగ్గరికి చేరింది, ఆర్‌సీలో మాత్రం మొదటి యజమాని పేరే. ఆ కారు కింద పడి ఒక పిల్లవాడు చనిపోయాడు. పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్న ఆయనదే అని కోర్టు తేల్చింది. కాబట్టి పాత బండి అమ్ముకునేవాళ్లకు కూడా పేరు మార్పే రక్షణ. కొన్నవాళ్లు 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కూడా తమ పేరుకు మార్చుకోవాలి, లేదంటే సొంత బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. అమ్మినవాళ్ల నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ప్రీమియం పెరుగుతుందని ముందే లెక్కేసుకోండి.

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీటరు 50,000 చూపిస్తోందా? బెంగళూరు ట్రాఫిక్‌లో గంటకు 20 కిలోమీటర్ల లెక్కన అది 2,500 గంటల నడక. ఖాళీ రోడ్డు మీద గంటకు 50 చొప్పున అయితే 1,000 గంటలే. మీటరు ఒకటే, క్లచ్ అరుగుదల మాత్రం వేరు. తర్వాత టైరు దగ్గర వంగి, పక్క గోడ మీద నాలుగు అంకెలు వెతకండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం చేసిన టైరు. ఐదేళ్లలో 30,000 కిలోమీటర్లే తిరిగిందన్న బండికి నాలుగూ కొత్త టైర్లుంటే, ఎందుకు మార్చారని అడగండి. పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు ఎంత అరిగాయో చూడండి. ఆథరైజ్డ్ సర్వీసు సెంటర్ రికార్డులో ప్రతి సర్వీసుకూ కిలోమీటర్లు రాసి ఉంటాయి, ఆ కాపీ తీసుకోండి. మన ఎండకు టైరు రబ్బరు పగుళ్లిస్తుంది, మట్టి రోడ్ల దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతుంది. ఊళ్లోని బండికైనా ఈ పరీక్ష తప్పదు.

అప్పు మీద కొన్న బండైతే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వకండి. బండి మీద కర్ణాటక ట్రాఫిక్ చలాన్లు ఉన్నాయేమో కూడా చూడాలి, బెంగళూరు బండ్ల మీద అవి గుట్టగా ఉండొచ్చు.

అడ్వాన్సు ఇచ్చే ముందు మన ఆర్టీఏ ఆఫీసుకు ఒక్కసారి వెళ్లి, ఆ ఒక్క అంకె, లైఫ్ ట్యాక్స్, రాయించుకుని రండి. బేరం ఆ తర్వాతే మొదలుపెట్టండి.