అట్ట విమానాలు, ప్లాస్టిక్ విమానాలు: అపోహలెన్ని, వాస్తవాలేమిటి?

విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా నిలబెట్టిన టీయూ-142 విమానాన్ని చూసినవాళ్లెవరూ దాని సైజును అంత తేలిగ్గా మరిచిపోరు. ముక్కు నుంచి తోక దాకా దాదాపు 53 మీటర్లు, ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు 50 మీటర్లు. నౌకాదళంలో కొలువు ముగించుకుని 2017 డిసెంబరులో అది మ్యూజియంగా మారింది. దాని నమూనాను కాగితంతో చేస్తానని ఎవరైనా అంటే వినేవాళ్లు నవ్వేస్తారు. నోటుబుక్కులో పేజీ చింపి క్లాసులో విసిరిన రాకెట్టే గుర్తొస్తుంది మరి. కాగితం నమూనాలకు ఎక్కువగా వాడే 1:33 స్కేలులో ఈ విమానం కడితే పొడవు 1.6 మీటర్లు తేలుతుంది. ప్లాస్టిక్ కిట్లలో మామూలుగా కనిపించే 1:72 స్కేలులో అయితే 74 సెంటీమీటర్లే. కాగితంతో చేసినదాన్ని పెట్టడానికి షోకేసు చాలదు, గది చూసుకోవాలి.

ఈ లెక్కలోనే ఓ పాత పొరపాటు దాగి ఉంది. స్కేలులో అంకె పెరిగితే బొమ్మ పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. 1:144 అని పెట్టె మీద చూసి పెద్ద కిట్ అనుకుని ఆర్డరు పెట్టేసి, అరచేతిలో ఇమిడే విమానం వచ్చాక కంగు తింటారు. అసలు విమానాన్ని ఎన్నో వంతుకు కుదించారో చెప్పేది ఆ అంకె. కాబట్టి అది పెరిగేకొద్దీ బొమ్మ తగ్గుతుంది. 1:72 అంటే అసలు విమానంలో ఆరడుగులు నమూనాలో ఒక్క అంగుళం.

ఇక అన్నిటికన్నా మొండి అపోహ: కాగితం పిల్లలాట, ప్లాస్టిక్ పెద్దల హాబీ. కాగితంతో మొదలెట్టి, చేయి తిరిగాక ప్లాస్టిక్‌కి ‘ఎదగాలి’ అన్నట్టు మాట్లాడతారు. ఈ మాట పోలండులో అంటే ఎవరూ ఒప్పుకోరు. అక్కడ 1957లో మొదలైన ‘మావీ మోడెలాష్’ పత్రిక అట్ట మీద ముద్రించిన విమానాలు, ఓడలు, ట్యాంకులను సంచికల వారీగా ఇంటింటికీ చేర్చింది. కమ్యూనిస్టు పాలనలో పశ్చిమ దేశాల ప్లాస్టిక్ కిట్లు దొరకడమే గగనం. పత్రిక మాత్రం చవక. అలా తరాలు అట్ట విమానాలతోనే పెరిగాయి. ఆ సంప్రదాయంలోంచే జీపీఎం, హాలిన్‌స్కీ లాంటి నేటి ప్రచురణకర్తలు వచ్చారు. వాళ్ల కిట్లలో కొన్నిటికి భాగాలు వెయ్యి దాటుతాయి. ఇంజను సిలిండర్ల రెక్కలూ, చక్రాల గూటి లోపలి గొట్టాలూ కూడా కాగితమే. కొన్ని భాగాలు ఆవగింజ కంటే కాస్త పెద్దవి. ట్వీజర్లతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి అతికించాలి. పిల్లల సంగతి అలా ఉంచి, పెద్దలే మధ్యలో వదిలేస్తారు.

బొమ్మ అంటేనే కాలక్షేపం అనుకునేవాళ్లు 1942 నాటి అమెరికా సంగతి తెలుసుకోవాలి. ఆకాశంలో కనిపించేది మన విమానమా, శత్రు విమానమా అన్నది క్షణాల్లో పోల్చుకోవడానికి అక్కడి నౌకాదళానికి నమూనాలు కావలసి వచ్చాయి. దాంతో దేశమంతటా స్కూలు పిల్లల్ని 5 లక్షల చెక్క నమూనాలు చేసిపెట్టమని అడిగింది. వాటి స్కేలు 1:72. ఈనాటి ప్లాస్టిక్ కిట్లలో అత్యధికం ఉన్నదీ ఆ స్కేలులోనే.

‘‘ప్లాస్టిక్ కిట్‌లో ఏముంది, ముక్కలు విరిచి అతికించడమే కదా’’ అన్నది రెండో వైపు నుంచి, ప్లాస్టిక్ మీద వినిపించే చిన్నచూపు. కాగితం వీరులు కూడా ఈ మాట అంటుంటారు. అతికించడం ఒక సాయంత్రం పనే, నిజమే. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. విమానం మొండెం రెండు సగాలుగా వస్తుంది కనుక వీపు మీదా పొట్ట కిందా అతుకు గీత కనిపిస్తుంది. నిజం విమానంలో అక్కడ గీత ఉండదు. లప్పం పెట్టి, ఆరాక నీళ్లు తడుపుతూ సాండ్ పేపరుతో రుద్దాలి. రుద్దితే పక్కనున్న ప్యానెల్ గీతలు, అంటే రేకుల మధ్య సందుల్ని చూపేవి, చెరిగిపోతాయి, వాటిని సూదితో మళ్లీ చెక్కాలి. ఆపైన ప్రైమరు, రంగులు, డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తులు), వార్నిష్. రంగు వేశాక అతుకు గీత మళ్లీ తేలితే మొత్తం మొదటికొస్తుంది.

అతికించడం అంటే గుర్తొచ్చింది. ప్లాస్టిక్‌కి ఫెవికాల్ పనికిరాదు, అది కాగితానికీ చెక్కకీ. ఫెవిక్విక్ లాంటివి పట్టుకుంటాయి గానీ అసలు పద్ధతి అది కాదు. కిట్లు తయారయ్యేది పాలీస్టైరీన్‌తో. రెండు ముక్కల్నీ ఒకదానికొకటి ఆనించి పట్టుకుని, ఈ కిట్ల కోసమే అమ్మే ద్రవ సిమెంటును సన్నని బ్రష్‌తో సందు దగ్గర తాకిస్తే చాలు. అది తనంతట తానే సందు పొడవునా పాకుతుంది. నిజానికి అది జిగురే కాదు, ద్రావకం. రెండు అంచుల్నీ కాస్త కరిగించి, ఆవిరైపోతూ వాటిని ఒకే ముక్కగా చేసేస్తుంది. గట్టిగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నని పూసలా బయటికొస్తుంది. అనుభవం ఉన్నవాళ్లకు కావలసిందే అది. ఆరాక ఆ పూసను గీకేస్తే అతుకు గీతలో సగం పోతుంది, లప్పం ఖర్చు తగ్గుతుంది.

కాగితం వైపు కష్టం ఇంకోచోట ఉంది. కాగితం ఒక్క దిశలోనే వంగుతుంది. గొట్టం చెయ్యొచ్చు, శంఖువు చెయ్యొచ్చు. రెండు దిశల్లోనూ వంగే గుండ్రటి ముక్కు చెయ్యడం కుదరదు. కొబ్బరికాయకు కాగితం చుట్టి చూస్తే ముడతలు పడి తీరతాయి, ఇదీ అంతే. అందుకే డిజైనరు ముక్కును వరస శంఖువులుగానో, పూరేకులుగానో చీల్చి గీస్తాడు. చేసేవాళ్లు ప్రతి రేకునూ అరచేతిలో పెట్టి గుండ్రటి కడ్డీతో రాస్తూ, పీచు సడలేలా మెల్లగా వంపు తెప్పించాలి. కత్తిరించిన అంచు తెల్లగా ఉంటుంది. దానికి వాటర్ కలరో, కలర్ పెన్సిలో పూయకుండా అతికిస్తే విమానం ఒంటినిండా తెల్లటి చారలే. కొత్తవాళ్లు చేసినదాన్ని దూరం నుంచే పట్టించేవి ఆ చారలు.

ప్లాస్టిక్ విమానానికి ఆకారం ఫ్యాక్టరీలోనే వచ్చేస్తుంది, రంగు మాత్రం మన పని. కాగితానికి రంగులు ప్రెస్సులోనే పడిపోతాయి, ఆకారం మన పని. ఒకదాని పనితనంతో రెండోదాన్ని కొలవడం వల్లే ఇన్ని అపోహలు.

కచ్చితత్వం విషయంలో ప్లాస్టిక్‌దే పైచేయి అని గట్టిగా నమ్ముతారు. 1:72 కిట్ మీద చెక్కిన ప్యానెల్ గీత వెడల్పు 0.2 మిల్లీమీటర్లు అనుకుందాం. 72తో గుణిస్తే 14 మిల్లీమీటర్లు దాటుతుంది. రేకుల మధ్య అంత సందున్న విమానం ఎక్కడానికి ఏ పైలటూ ఒప్పుకోడు. రెక్క వెనక అంచు కూడా అచ్చులో మరీ పలచగా రాదు. ఆకారాల్లోనూ తప్పులుంటాయి. ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1953లో తెచ్చిన తొలి విమానం కిట్ స్పిట్‌ఫైర్ ఆకారం మీద విమర్శలు రావడంతో కొన్నేళ్లకే అచ్చు మార్చాల్సి వచ్చింది. అలాగని కాగితం నిర్దోషి కాదు. కాక్‌పిట్ అద్దం దానికి చేతకాదు, అందుకని చాలామంది పారదర్శకమైన ప్లాస్టిక్ అద్దం విడిగా కొంటారు. ఇక ఎంపిక మాటకొస్తే, అచ్చు చేయించడానికి బోలెడు పెట్టుబడి కావాలి కనుక ఏ కంపెనీ అయినా ఎక్కువమంది కొనే విమానాలనే చూసుకుంటుంది. కాగితానికి డిజైనూ ప్రింటరూ ఉంటే చాలు. ఎవరూ పట్టించుకోని ప్రోటోటైపులు అట్టల్లో దొరకడానికి కారణం ఇదే.

‘‘కాగితం ఎన్నాళ్లుంటుంది?’’ అని అడుగుతారు. మంచి ప్రశ్నే. తేమకు ఉబ్బుతుంది, సిల్వర్‌ఫిష్ పురుగులు తింటాయి, ఇంక్‌జెట్ ప్రింటు మీద తడి చెయ్యి పడితే రంగు కారుతుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల అద్దాల పెట్టె తప్పనిసరి. బలం మాటకొస్తే, లోపల మందపాటి అట్టతో చేసిన అస్థిపంజరం ఉంటుంది గనుక విమానం అనుకున్నంత నాజూకు కాదు. మరి ప్లాస్టిక్ శాశ్వతమా? 1936లో బ్రిటన్‌లో ఫ్రాగ్ పెంగ్విన్ పేరుతో వచ్చిన తొలి ప్లాస్టిక్ విమానం కిట్లు సెల్యులోజ్ అసిటేట్‌వి. మిగిలిన వాటిలో చాలావరకు కాలక్రమంలో వంకర్లు తిరిగిపోయాయి. పాలీస్టైరీన్ అలా తిరగదు గానీ, మే నెల ఎండలో అద్దాలు మూసిన కారులో వదిలేస్తే రెక్కలు వాలిపోయే ప్రమాదం దానికీ ఉంది.

పర్యావరణం వాదనా ఒకటుంది: కాగితం పచ్చనిది, ప్లాస్టిక్ పాపం. ముప్పై ఏళ్లు అల్మారాలో ఉండే బొమ్మను, ఒకసారి వాడి పారేసే క్యారీ బ్యాగుతో పోల్చడం న్యాయం కాదు. అసలు జాగ్రత్త అవసరమైంది ద్రావకాల ఆవిర్ల దగ్గర, స్ప్రే రంగుల దగ్గర. కిటికీలు తీసి పెట్టుకుని, మాస్కు వేసుకుని పని చెయ్యాలి. ఏసీ గదిలో తలుపులేసుకుని చెయ్యకూడదు.

ఖర్చులోనూ పెట్టె మీది ధర మోసం చేస్తుంది. ప్లాస్టిక్‌లో కిట్ కంటే రంగులు, ఎయిర్‌బ్రష్, కంప్రెసరు కలిపి ఎక్కువవుతాయి. కాగితానికి పదునైన బ్లేడు, స్టీలు స్కేలు, కటింగ్ మ్యాట్, తెల్ల జిగురు సరిపోతాయి. పాడైన భాగాన్ని మళ్లీ ప్రింటు తీసుకునే వీలూ ఉంది. అయితే ఒకరు కొన్న కిట్‌ని స్కాన్ చేసి పదిమందికి పంచడం కాపీరైటు ఉల్లంఘనే. ఉచితంగా కావాలంటే కెనాన్ లాంటి సంస్థలే డిజైన్లు ఇస్తున్నాయి.

ఈ బొమ్మలు ఎగురుతాయా అని అడగని చుట్టం ఉండడు. ఎగరవు, ఇవి చూసుకోవడానికే. ఎగిరేవి వేరు. 1944లో అమెరికాలో వీటీస్ అనే అల్పాహారం పెట్టెల మూతలు పంపినవాళ్లకు ఇచ్చిన కాగితం యుద్ధవిమానాలు ముక్కులో ఒక పెన్నీ నాణెం పెడితే చక్కగా ఎగిరేవి. బరువు ముందుకు రావడానికి ఆ నాణెం.

మొదటి విమానం ఏది ఎంచుకోవాలన్నది కూడా సామగ్రిని బట్టే తేలుతుంది. ప్లాస్టిక్‌తో మొదలెట్టేవాళ్లు రంగు తేలికైనది చూసుకోవాలి. ఒంటినిండా బూడిద రంగు ఉన్న తేజస్ లాంటిదైతే ఇబ్బంది తక్కువ. కాగితంతో మొదలెట్టేవాళ్లకు డబ్బాలా పలకలు తేలిన పాతకాలం విమానం మేలు, రంగులు ఎన్నున్నా భయం లేదు. వాయుసేన విన్యాసాల బృందం సూర్యకిరణ్ నడిపే ఎరుపు తెలుపు హాక్ విమానం మీద చాలామందికి మోజు. ప్లాస్టిక్‌లో దాని ఎరుపు తెలుపుల మధ్య అంచు చెదరకుండా మాస్కింగ్ టేపుతో కుస్తీ పట్టాలి. కాగితంలో చారలు ముద్రించే వస్తాయి గానీ, ఆ గుండ్రటి ముక్కు దగ్గర రేకులు కలపడానికి రెండు మూడు ప్రింట్లు అదనంగా తీసిపెట్టుకోవడం మంచిది.