ఒకరికి గుండెపోటు... ఇంటిల్లిపాదికీ పరీక్ష

నలభై ఏళ్లకే గుండెపోటు వస్తే ఇంట్లో వినిపించే మాట ఒకటే: ‘వాళ్ల నాన్న కూడా ఇట్లాగే పోయాడు’. అది తలరాత అనుకుని ఊరుకోకండి, డాక్టరుకు చెప్పండి. దాని వెనుక వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్‌ ఉండొచ్చు. వైద్యులు దీన్ని ‘ఎఫ్‌హెచ్‌’ అంటారు.

ఇది నెయ్యి, మాంసం తెచ్చిపెట్టే జబ్బు కాదు. రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ ఎల్‌డీఎల్‌ను కాలేయ కణాల మీది గ్రాహకాలు పట్టి లోపలికి లాక్కుంటాయి. ఈ సంగతి కనిపెట్టిన బ్రౌన్‌, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్‌ దక్కింది. గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు దెబ్బతింటే పుట్టినప్పటి నుంచే ఎల్‌డీఎల్‌ పేరుకుపోతుంది. బక్కపలచగా ఉండి, రోజంతా చేలో కష్టపడేవారినీ ఇది వదలదు. సుమారు 250 నుంచి 300 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా.

తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ 50 శాతం అవకాశం. ఇద్దరికీ ఉంటే 25 శాతం అవకాశంతో బిడ్డకు రెండువైపులా లోపం వస్తుంది. చికిత్స అందకపోతే అలాంటి పిల్లలకు ఇరవై ఏళ్లలోపే గుండెపోటు రావచ్చు. వెలిగండ్ల, కనిగిరి పల్లెల్లో మేనరికాలు కొత్తేమీ కాదు. ఒకే తాత నుంచి వచ్చిన లోపం వధూవరులిద్దరిలోనూ ఉండే వీలు వీటిలో ఎక్కువ. సంబంధం వద్దనడం లేదు. వంశంలో చిన్న వయసు గుండెపోట్లుంటే ముహూర్తానికి ముందే ఇద్దరూ లిపిడ్‌ ప్రొఫైల్‌ చేయించుకోవాలి.

ఎల్‌డీఎల్‌ పెద్దల్లో 190, పిల్లల్లో 160 దాటితే అనుమానించాలి. మడమ వెనుక, వేళ్ల కణుపుల మీద గట్టి బుడిపెలు రావడం మరో గుర్తు. ఈ ప్రాంతంలో కాళ్లనొప్పి ఏదైనా ఫ్లోరైడ్‌ నీళ్ల మీదికి నెట్టేస్తాం. బుడిపెలను మాత్రం అలా వదిలేయకండి.

జన్యుపరీక్ష ఆ తర్వాతి మెట్టు. హైదరాబాద్‌ నిమ్స్‌లో ఇందుకు ప్రత్యేకంగా జన్యువైద్య విభాగమే ఉంది. ఒకరిలో లోపం ఎక్కడుందో తేలితే బంధువుల్లో ఆ ఒక్కచోట వెతికితే చాలు. ఏమీ దొరకకపోయినా ఎల్‌డీఎల్‌ ఎక్కువుంటే మందులు ఆపకూడదు. భారతీయుల్లో సుమారు 4 శాతం మందికి ఉందని సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2009లో చెప్పిన లోపం వేరు. అది గుండె కండరానికి సంబంధించింది, కొలెస్ట్రాల్‌కు కాదు.

ఎఫ్‌హెచ్‌ ఉన్న పిల్లలకు ఎనిమిది, పదేళ్ల వయసు నుంచే స్టాటిన్‌ మాత్రలు ఇస్తారు. గర్భం కోసం చూస్తున్న స్త్రీలు మాత్రం ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. మీ రిపోర్టు ఫొటో తీసి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు పంపండి. బతుకుతెరువుకు బెంగళూరు, హైదరాబాద్‌ వెళ్లినవాళ్లనూ మరవకండి.