కొండ నెత్తిన చిత్తడి

నీరు పల్లమెరుగు నందురు. ఐర్లండు దేశమున డబ్లిన్ నగరమునకు దక్షిణముగా, సుమారు 20 కిలోమీటర్ల దూరముననున్న కిప్పూర్ కొండ నెక్కినచో ఈ సామెతపై మనకు సందేహము కలుగును. ఎత్తు 757 మీటర్లు. శిఖరమనగా కొన కాదు, విశాలమైన చదును. అడుగు మోపినంతనే చీలమండ వరకు తడి!

కొండ గ్రానైటు రాయి. నీరు సులభముగా ఇంకదు. వాన తరచు, ఎండ స్వల్పము. ఆ చల్లని తడిలో స్ఫాగ్నమ్ అను నాచు పెరుగును. అది తన యెండు బరువునకు 20 రెట్ల వరకు నీటిని పట్టి యుంచగలదు. గాలి చొరని నీటిలో చచ్చిన నాచు పూర్తిగా కుళ్ళక, పొరపై పొరగా పేరుకొని, వేలయేండ్లకు పీట్ అను నల్లని పదార్థమగును. ఏటికి చేరునది ఒక మిల్లీమీటరు మాత్రమే. దీనిని మన్ననుట కంటె నానిన స్పంజి యనుట మేలు. కిప్పూరునకును ప్రక్కనున్న టాన్‌డఫ్ కొండకును నడుమ ఈ పీట్ నేలనుండియే లిఫీ నది పుట్టి, సుమారు 130 కిలోమీటర్లు చుట్టి డబ్లిన్ చేరును.

ఎక్కుట అంత కష్టము కాదు. 1798 నాటి తిరుగుబాటు పిమ్మట సైన్యము కొరకు వేసిన మిలిటరీ రోడ్డు కొండ ప్రక్కగనే పోవును. చిక్కంతయు చదునుపైనే. వాన పీట్‌ను కోసి నిలువెత్తు గట్లుగా, సందులుగా చేసినది. సందులో దిగి నాలుగు మలుపులు తిరిగి పైకి వచ్చునప్పటికి వచ్చిన దిక్కు మరతుము. 1961 డిసెంబరు 31న ఐర్లండు టెలివిజను ప్రారంభమైనప్పుడు పనిచేసిన ప్రసారకేంద్రము ఈ శిఖరముననే కలదు. ప్రసారవృత్తిలోని వారమగుటచే దీనిని చెప్పక యుండలేము. కాని మంచు క్రమ్మినచో దాని స్తంభమును కానరాదు. దిక్సూచి చేతనుండవలెను. దిగకమునుపే ఆవలిగట్టున నొక గురుతు చూచుకొనవలెను.

ఏలయన తూర్పున చదును హఠాత్తుగా తెగును. హిమయుగమున మంచుగడ్డలు కొండను గిన్నెలవలె తొలిచినవి. ఆ గిన్నెలలోని నీరే రెండు బ్రే సరస్సులు. వానికావల గ్లెన్‌క్రీ లోయ. బురదతో విసిగినవాడు గట్టినేల దొరికెనని వడివడిగా నడచు చోటు ఈ యంచుననే.

ఇంకొక మాట. తళతళలాడు పచ్చనాచుపై అడుగిడరాదు, అడుగున లోతుండును. అరిగిన కాలిబాటలో మాత్రము బురదను తప్పించుకొని ప్రక్కకు పోరాదు. ఒక్కొక్కరు ప్రక్కకు తొలగిన కొలది బాట వెడల్పై, మొక్క చచ్చి, పీట్ బయటపడును. వానకు కొంత కొట్టుకొనిపోవును. ఎండినదానిలోని బొగ్గుపదార్థము వాయువై గాలిలో కలియును. సమీపమున జౌస్ కొండపై రైలుపట్టాల క్రింది దుంగలను పరచి బాట వేసినారు. దుంగలు లేనిచోట నడిబురదలోనే నడచి, బూట్లను ఇంటికడ కడుగుకొనవలెను.